మద్దెల నిజంగానే ఓడు

నీళ్ళ రంగుల బొమ్మలో వెలుగు రంగుది కాదు, కాగితానిది. రంగు పలచటి పొరగా పరుచుకుంటుంది. వెలుతురు ఆ పొరలోంచి దిగి, కింది కాగితాన్ని తాకి, మళ్ళీ పైకొచ్చి మన కంట పడుతుంది. తైలవర్ణాల్లో అయితే తెల్లరంగు పూసి వెలుగు తెచ్చుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. కొంగ రెక్కయినా, దండెం మీద ఆరేసిన పంచె అయినా, కాలవ నీళ్ళ మీద పొద్దుటెండ అయినా, తెల్లగా ఉండాల్సిన చోట కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. డ్రాయింగు మాస్టారుగా ఏళ్ళ తరబడి పిల్లలకి ఈ పాఠం చెప్పాను. వెలుగంతా కాగితానిదే అని నోటితో చెబుతూనే, ఆ కాగితం ఎలాంటిదో ఒక్కనాడూ చూడలేదు. నా తెలివితక్కువతనమంతా ఇక్కడే ఉంది. దానివల్ల నేను పోగొట్టుకున్నదేదో పోగొట్టుకున్నాను. ఒక పిల్ల పోగొట్టుకున్నదాని గురించే ఇది రాయడం.

మాది బోనకల్. కాజీపేట–విజయవాడ రైలు దారిలో ఖమ్మానికీ మధిరకీ మధ్య. సాగర్ ఎడమ కాలవ నీళ్ళు బోనకల్ బ్రాంచి కాలవలో వస్తాయి. మిర్చి, పత్తి, మొక్కజొన్న, వరి పండుతాయి. బొమ్మలేసేవాడికి ఈ ఊళ్ళో కొదవ లేదు. కోతలయ్యాక కల్లాల్లో మిర్చి ఆరబోసినప్పుడు దగ్గర కూచుని చూస్తే ఎరుపు ఒక్కటి కాదు. నిన్న కోసుకొచ్చిన కాయ నిగనిగలాడుతూ నారింజ వైపు ఉంటుంది. నాలుగెండలు తిన్నది ముదురు ఎరుపు. కుప్ప నీడ పడ్డచోట వంకాయ రంగు తేలుతుంది. మధ్య మధ్య తాలుకాయ తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆ తాలుకాయ దగ్గరే కాగితాన్ని ఖాళీగా వదలాలి. ఈ కల్లాన్ని కాగితం మీదికి తేవాలని నాకు ఉద్యోగం వచ్చిన కొత్తల్నుంచీ కోరిక.

దానికోసం ఖర్చుకి వెనకాడలేదు. హైదరాబాదు నుంచి ఆర్టిస్టు రకం ట్యూబులు తెప్పించుకున్నాను. కొలిన్‌స్కీ వెంట్రుకల బ్రష్షు ఒకటి జీతంలో పెద్ద ముక్క ఖర్చుపెట్టి కొన్నాను. కాగితం మాత్రం బజారులో స్టేషనరీ కొట్లో, రబ్బరుబ్యాండు వేసి చుట్ట చుట్టిచ్చే డ్రాయింగు షీటు. అప్పటి నా లెక్క ఇది: బ్రష్షు ఏళ్ళొస్తుంది, ట్యూబు నెలలొస్తుంది, కాగితం ఒక పూటకి చెడిపోతుంది, చెడిపోయేదాని మీద డబ్బు తగలెయ్యడం ఎందుకు? కొత్తగా రంగులు పట్టుకున్న చాలామంది ఇదే లెక్క వేస్తారని తర్వాత తెలిసింది. లెక్క సరిగ్గా తలకిందులు. మామూలు బ్రష్షుతో, విద్యార్థుల రకం రంగులతో, మంచి కాగితం మీద బొమ్మ వస్తుంది. ఎంత గొప్ప రంగయినా చెడ్డ కాగితం మీద రాదు.

ఎందుకు రాదో వివరంగా చెప్పాలి. నేర్చుకునేవాళ్ళకి మొదట చెప్పేది ఫ్లాట్ వాష్, అంటే ఆకాశమంతా ఒకే మోతాదులో రంగు పరవడం. అట్టని కాస్త ఏటవాలుగా పెట్టి, బ్రష్షు నిండా రంగు తీసుకుని, పై అంచున అడ్డంగా ఒక గీత లాగుతాం. ఆ గీత కింది అంచున రంగునీళ్ళు ఉబ్బెత్తుగా నిలబడతాయి. రెండో గీత ఆ నీళ్ళని తాకుతూ వెళ్ళాలి. అప్పుడు రెండు గీతలూ ఒకటైపోయి, నీళ్ళు కింది అంచుకి దిగుతాయి. మూడోది, నాలుగోది, అలా చివరిదాకా. అడుగున మిగిలిన నీళ్ళని పిండిన బ్రష్షుతో తీసెయ్యడమే. కిటుకంతా ఆ నిలబడ్డ నీళ్ళలో ఉంది. కాగితం వాటిని నిలబడనివ్వాలి. నేను కొన్న షీటు నిలబడనిచ్చేది కాదు. రెండో గీతకి బ్రష్షు ముంచుకొచ్చేలోపే మొదటిది ఇంకిపోయి అంచు గట్టిపడేది. ఆకాశం నిండా చారలే. చారలు పోగొడదామని మళ్ళీ రుద్దితే పైన నూగు లేచి ఉండలు కట్టేది. ఇంకా రుద్దితే చిరిగేది. ఆరాక షీటంతా అలలు అలలుగా లేచి, రంగు చచ్చి, బూడిద పూసినట్టయ్యేది. నా చెయ్యి ఇంతే కాబోలు అనుకుంటూ ఏళ్ళు గడిపాను.

నా చేతినే అనుకుని ఊరుకుంటే ఆ నష్టం నాతోనే పోయేది. అదే షీట్లు పిల్లల చేతా కొనిపించాను.

ఆ పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ళమ్మ మిరపకోతలకి వెళ్ళేది. పెన్సిలు పడితే గీత తొణికేది కాదు. ఆకాశం వేయమన్న రోజున అందరి షీట్ల మీదా చారలే వచ్చాయి. మిగతావాళ్ళు అలాగే తెచ్చి చూపించేశారు. ఈ పిల్ల మాత్రం చారల్ని ఒప్పుకోలేక మళ్ళీ మళ్ళీ వేసి, చివరికి చిరిగిన షీటు పట్టుకొచ్చి నిలబడింది. "నేను గీసేలోపే కాయితం తాగేస్తంది సార్," అంది. అందరి ముందూ నేనన్న మాట ఇది: "ఆడలేక మద్దెల ఓడన్నారంట నీలాంటోళ్ళే. కాయితం మీద నెపం పెట్టకు. నీ చెయ్యి బరువు. నీళ్ళ రంగులు నీ వల్ల కావు, పెన్సిలు బొమ్మలేసుకో పో." క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల బ్రష్షు కడిగి, నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆ ఏడు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకి పిల్లల పేర్లు రాసినప్పుడు ఆమె పేరు రాయలేదు. ఆమె కూడా రాయమని అడగలేదు.

మద్దెల నిజంగానే ఓడని నాకు తెలిసింది చాలా ఏళ్ళకి, విజయవాడలో. సినిమా హాళ్ళకి బ్యానర్లు రాసి, ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక నీళ్ళ రంగుల్లోకి వచ్చిన పెద్దాయన ఒకరు అక్కడ ఉండేవారు. నా బొమ్మలు నాలుగు తీసుకెళ్ళి చూపించాను. ఆయన బొమ్మ చూడలేదు. షీటు మూల పట్టుకుని వేళ్ళతో తడిమి, వెనక్కి తిప్పి చూసి, "కాగితం ఎక్కడ కొంటారు మాస్టారూ?" అన్నారు. తర్వాత వేలు నీళ్ళలో ముంచి నా షీటు అంచున ఒక చుక్క, తన కాగితం మీద ఒక చుక్క పెట్టారు. నా షీటు మీది చుక్క పడీ పడగానే నల్లబడి, పాకి, వెనకవైపు తేలింది. ఆయన కాగితం మీది చుక్క గుండ్రంగా నిలబడింది. మేం టీ తాగి వచ్చి చూసినా నిలబడే ఉంది. ఆ కాగితం ముక్క, నా బ్రష్షూ, నా నీలం ట్యూబూ నా చేతికే ఇచ్చి ఆకాశం వెయ్యమన్నారు. వేశాను. ఒక్క చార లేదు. అల్ట్రామెరైన్ రేణువులు కాగితం గుంటల్లో సన్నగా దిగి కూచున్నాయి. చెయ్యి అదే, వేసిన తీరూ అదే. ఆనందం వేసి ఉండాల్సింది. ఆ పిల్ల మాట గుర్తొచ్చి నోట మాట రాలేదు. పదమూడేళ్ళ పిల్ల కాగితాన్ని చూసి చెప్పిన నిజం, జీతం తీసుకుని పాఠం చెప్పే నాకు కనపడలేదు.

తేడా ఏమిటని అడిగితే ఆయన సైజింగ్ అన్నారు. నేతగాళ్ళు నూలుకి గంజి పెట్టినట్టు, కాగితానికీ నీళ్ళు వెంటనే తాగకుండా ఒక పూత పెడతారు. ఇటలీలోని ఫాబ్రియానోలో 13వ శతాబ్దం నుంచీ కాగితం తీస్తున్నారు. జంతువుల నుంచి తీసిన జెలటిన్‌ని ఈ పనికి వాడటం అక్కడే పేరుపడింది. ఫ్రాన్స్‌లో ఆర్ష్ మిల్లు 1492 నాటిది, ఇప్పటికీ నీళ్ళ రంగుల కాగితానికి జెలటిన్ పెడుతుంది. ఇది తెలియకపోవడం ఒక ఎత్తు. తెలిసిన దాన్ని ఆలోచించకపోవడం ఇంకో ఎత్తు. తీరిక పీరియడ్లలో పిల్లలకి బెంగాలు వాష్ పద్ధతి కథగా చెప్పేవాణ్ణి. 1903లో జపాను నుంచి కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూరు ఆ పద్ధతి రూపొందించుకున్నారనీ, ప్రమోద్ కుమార్ ఛటర్జీ దాన్ని బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకి తెచ్చారనీ, అడివి బాపిరాజు అక్కడే నేర్చుకున్నారనీ, మన పక్క వరంగల్ వైపు పెనుగొండలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారనీ చెప్పేవాణ్ణి. ఆ పద్ధతిలో రంగు వేసి ఆరాక బొమ్మ మొత్తాన్ని నీళ్ళలో ముంచుతారు. అంటుకోని రంగు కొట్టుకుపోతుంది, అంటుకున్నది మెత్తబడుతుంది, ఆరాక మళ్ళీ ఇంకో పొర. నీళ్ళలో మునిగి లేచి, మళ్ళీ రంగు పట్టే కాగితం ఎలాంటిదై ఉంటుందని నాకు ఒక్కసారీ అనిపించలేదు. నా షీటు అయితే తొట్టిలోనే కలిసిపోయేది.

తెలిశాక కూడా వెంటనే బాగుపడలేదు. మందం ఉంటే చాలనుకుని 300 జీఎస్‌ఎం అని రాసి ఉన్న చవక ప్యాడ్ కొన్నాను. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్సు కాగితం 75, 80 ఉంటుంది. నీళ్ళ రంగులకి 300 మంచి కొలత. 56 సెంటీమీటర్ల వెడల్పు, 76 సెంటీమీటర్ల పొడవు ఉండే ఫుల్ షీటు సుమారు 128 గ్రాములు తూగుతుంది. అంత బరువుంటే తడిసినా పెద్దగా అలలు లేవవు. అంతకంటే పలచటిదైతే ముందు తడిపి, చెక్కకి గమ్ టేపుతో నాలుగు వైపులా అంటించి, బిగుసుకున్నాక వెయ్యాలి. మందం అలలని ఆపుతుందే తప్ప, వాష్‌ని కాపాడదు. దానికి సైజింగ్ కావాలి, పీచు కావాలి.

పీచు దగ్గరికొస్తే మా జిల్లా సంగతే చెప్పాలి. భద్రాచలానికి గోదావరి ఇవతల సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు 1979 నుంచి నడుస్తోంది. 2016 దాకా అది మా ఖమ్మం జిల్లాలోదే, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. జామాయిల్, సుబాబుల్ దుంగలు లారీలకెత్తి అక్కడికి తోలడం మా పిల్లలు పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. ఆ కలప గుజ్జుతో అచ్చుకీ, రాతకీ, ప్యాకింగు అట్టలకీ కావలసిన కాగితం వస్తుంది. ఆ పనులకి అదే సరైనది. నీళ్ళ రంగులకి కావలసింది పత్తి. పత్తి పీచులో దాదాపు అంతా సెల్యులోజే, కలపలో ఉండే లిగ్నిన్ ఉండదు. పాత వార్తాపత్రిక పచ్చబడేది ఆ లిగ్నిన్ వల్లే. పత్తి కాగితం తడిసినా బలం నిలుపుకుంటుంది, తడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, పొర మీద పొర వేసినా నూగు లేవదు. జేబులోని నోటు పత్తి కాగితమే, అందుకే చొక్కాతో పాటు ఉతికినా మిగులుతుంది. జిన్నింగులో పొడుగు దూది పోయాక గింజకి అంటుకుని మిగిలే పొట్టి నూగుని లింటర్ అంటారు. చిత్రకారుల కాగితం చాలావరకు దాంతోనే తీస్తారు. మా ఊరి చేలల్లో పత్తి తీతకి వెళ్ళే తల్లుల పిల్లలకే నేను పత్తి కాగితం ఇవ్వలేదు.

పత్తి కాగితమంటే విదేశాలదే అవ్వాలని లేదు. గాంధీగారూ జె.సి. కుమారప్పా 1934లో వార్ధా కేంద్రంగా మొదలుపెట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం చేతి కాగితాన్ని మళ్ళీ నిలబెట్టే పని తలకెత్తుకుంది. జైపూరు దగ్గర సంగానేర్‌లో కుమారప్ప పేరుతోనే చేతి కాగితం సంస్థ ఉంది. దర్జీల దగ్గర మిగిలే గుడ్డపీలికల్తో తీసిన కాగితం మన దేశంలోనే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: చేతి కాగితంలో కొంత శుభలేఖలకీ, కవర్లకీ తీసేది. దానికి నీళ్ళ రంగులకి తగ్గ సైజింగ్ ఉండదు. చుక్క పెట్టి చూడకుండా కొనకండి. కలప గుజ్జు కాగితం పూర్తిగా పనికిరాదనీ అనను. సైజింగ్ బాగున్న రకం మీద గీతలు, చిన్న చిన్న ఆకులు, రంగులు కలపడం సాధన చెయ్యొచ్చు. వేసిన రంగుని తడి బ్రష్షుతో ఎత్తెయ్యడం దాని మీదే తేలిక. ఆకాశం, నీళ్ళు, మంచు వెయ్యాలంటే మాత్రం పత్తి కాగితానికి రావాల్సిందే.

పైతలం మూడు రకాలు. వేడి రోలర్ల మధ్య నలిగిన హాట్ ప్రెస్ నున్నగా ఉండి సన్నని గీతకీ, పువ్వుల వివరాలకీ బాగుంటుంది. కొత్తవాళ్ళకి దాని మీద వాష్ జారిపోతుంది. రఫ్ మీద తడి తక్కువున్న బ్రష్షుని పక్కకి వాల్చి లాగితే గుంటల్లో తెలుపు మిగిలి, కాలవ నీళ్ళ తళుకు ఒక్క గీతలో వస్తుంది. రెంటికీ మధ్యది కోల్డ్ ప్రెస్. మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది అదే.

కాగితం మారాక చూస్తే, పద్ధతులన్నీ తడి ఎంత ఉందన్న ఒక్క లెక్కలోకి వచ్చేశాయి. కాగితం మీద నీళ్ళు మెరుస్తున్నప్పుడు రంగు వేస్తే ఇష్టమొచ్చిన చోటికి పాకుతుంది. మబ్బులకి అదే సమయం. మెరుపు పోయి చెమ్మ మిగిలినప్పుడు వేస్తే అంచు మెత్తగా ఉండి, వేసిన చోటే నిలుస్తుంది. దూరపు తాళ్ళకీ, గుట్టలకీ అప్పుడు వెయ్యాలి. ఆ చెమ్మలోకి నీళ్ళు కారే బ్రష్షు పెడితే రంగుని తోసుకుంటూ పోయి, అంచులు చిట్లిన మరక పడుతుంది. పూర్తిగా ఆరాకే రెండో పొర. ఆరిందో లేదో కంటికి తెలియదు, వేళ్ళ వెనకవైపు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడే. మే నెలలో మా ఖమ్మం వైపు 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఈ దశలన్నీ చూస్తుండగానే అయిపోతాయి. ఫ్యాను ఆపి, కాగితాన్ని రెండు వైపులా తడిపి, పొద్దెక్కకముందే వేసుకోవాలి.

ఇంకొక తప్పు చెప్పాలి, ఇదీ పిసినారితనమే, వేషం వేరు. మంచి కాగితం విలువ తెలిశాక ఫుల్ షీట్లు కొని బీరువాలో, బట్టల కింద దాచాను. చెయ్యి కుదిరాక, మంచి బొమ్మ తట్టాక తీద్దామని. వానాకాలాలు గడిచిపోయాయి. ఒకనాడు తీసి మిర్చి కల్లం మొదలుపెట్టాను. ఆకాశం వేస్తుంటేనే అక్కడక్కడ ముదురు మచ్చలు తేలాయి. మామూలుగా చూస్తే తెల్లగా, శుభ్రంగా ఉన్న షీటే. చెమ్మ తగిలి సైజింగ్ చచ్చిపోయింది. చచ్చిన చోటల్లా రంగు లోపలికి పీల్చుకుంది. కొన్ని వందల రూపాయల షీటు స్టేషనరీ కొట్టు షీటులాగే తాగడం మొదలుపెట్టింది. కాగితం దాచుకునే వస్తువు కాదు. కొన్నాక పాలిథిన్ కవర్లో గాలి తగలకుండా, పొడిగా ఉంచాలి, త్వరగా వాడెయ్యాలి. ఖరీదైన షీటంటే చెయ్యి వణుకుతుందనుకుంటే ఎనిమిది ముక్కలు కొయ్యండి. రెండు వైపులా వెయ్యండి.

పోయినేడు బోనకల్ స్టేషనులో ప్యాసింజరు కోసం నిలబడి ఉంటే, "బాగున్నారా సార్" అని అప్పటి ఆ పిల్లే పలకరించింది. పక్కన కొడుకు. వాడి చేతిలో నోటుబుక్కు, వెనక అట్ట మీద బాల్ పెన్నుతో రైలింజను గీసి ఉంది. బాగా గీశాడన్నాను. "రంగులు కొనివ్వమని ప్రాణం తీస్తాడు సార్. నేనే వద్దంటా. మన చెయ్యి బరువు గదా, లేనిపోని ఆశ ఎందుకని," అంది. నా మాటని ఇన్నేళ్ళు మోసి, వాడికి కూడా పంచింది. ఆ ప్లాట్‌ఫారం మీదే చెప్పాను, "అమ్మా, ఆ రోజు కాయితం తాగేస్తందన్నావు. నువ్వన్నదే నిజం. నీ చేతిలో ఏ లోపం లేదు. తప్పు నాది." ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే ఇంకో కాయితం ఇచ్చి చూడాల్సింది సార్," అంది. కోపంగా అనలేదు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఆదివారాలు వాడు మా ఇంటికొస్తాడు, ఇంకొందరు పిల్లలూ వస్తారు. ఒక ఫుల్ షీటు ఎనిమిది ముక్కలు చేస్తే ఎనిమిదిమందికి ఒక పూట గడుస్తుంది. ఖర్చు పంచుకుంటే తలా ఒక సమోసా ప్లేటంత. నలుగురైదుగురు మాస్టార్లు కలిసి తెప్పించుకుంటే ఇంకా తగ్గుతుంది. బళ్ళల్లో డ్రాయింగు చెప్పేవాళ్ళకి నా మనవి: పిల్లకి చెయ్యి లేదనే ముందు, వాళ్ళ షీటు మీద ఒక చుక్క మీరే పెట్టి చూడండి. మా దగ్గర పిల్లలు బ్రష్షు ముట్టుకోకముందే ఆ చుక్క పెడతారు, నిలబడిందో లేదో నాకు చెబుతారు. వాడి కోసం కోసేటప్పుడు వాళ్ళమ్మకి కూడా ఒక ముక్క కోసి పంపుతాను. తీసుకుంటుందట. దాని మీద రంగు వేస్తుందో లేదో వాణ్ణి అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.